మఖ నక్షత్రం వయసు పది కోట్లా, వంద కోట్లా?

మిద్దెమీదిచుక్కలు (విజయవాడ) · ఆదివారం ఉదయం 7:10

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి మా అపార్ట్‌మెంట్ మిద్దె మీద పిల్లలకి చుక్కలు చూపించాను. నా దగ్గరున్నది ఆరంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు. తొమ్మిదిన్నర, పది మధ్య సింహరాశి కొడవలి బాగా పైకొచ్చింది. కొడవలి పిడి చివర మెరిసేది మఖ, రెగ్యులస్. మన ఊళ్ల మీదుగా వెళ్ళేటప్పుడు దాదాపు నడినెత్తికి వస్తుంది కదా, మెడలు పట్టేసినా పిల్లలు వదల్లేదు.

రెండో అంతస్తు వాళ్ళ పాప, నాలుగో తరగతి, "అంకుల్, దీని వయసెంత?" అంది. ఫోన్‌లో చూసి "పది పదిహేను కోట్ల ఏళ్ళమ్మా" అని చెప్పేశాను. తీరా పడుకోబోయే ముందు ఇంకోచోట చూస్తే "వంద కోట్ల ఏళ్ళకు పైనే" అని ఉంది. ఒకటీ అరా తేడా అయితే సర్దుకోవచ్చు. పదింతలు! వచ్చే శనివారం ఆ పాప మళ్ళీ వస్తుంది. ఏది నిజమో ఎవరైనా విప్పి చెప్పండి.

పంచాంగప్రియ · ఆదివారం ఉదయం 7:48

"మఖలో పుట్టి పుబ్బలో పోయినట్టు" అని మన సామెత. మఖ కార్తె, ఆ తర్వాత పుబ్బ కార్తె, ఒక్కో కార్తె రెండు వారాల లోపు. అంత అల్పాయుష్షుకి పోలికగా వాడుకున్న చుక్క వంద కోట్ల ఏళ్ళదని తేలితే సామెత మార్చుకోవాలేమో :)

ఇంకో మాట. ఆగస్టు రెండో సగంలో వచ్చే మఖ కార్తెలో మఖ నక్షత్రం కనిపించదు. సూర్యుడు అప్పుడు దాని పక్కనే ఉంటాడు. చూడాలంటే ఇదే అదను, మార్చి ఏప్రిల్ రాత్రులు. మఖకి అధిదేవతలు పితృదేవతలు. మఖలో పుట్టినవాళ్ళకి...

నిర్వాహకుడు · ఆదివారం ఉదయం 8:02

పంచాంగప్రియ గారూ, కార్తెల వరకూ ఓకే. జాతకాలకి వేరే విభాగం ఉంది, చివరి వాక్యం మిగతా సగం అక్కడికి జరిపాను.

ఓయూ_తారాపథం · ఆదివారం ఉదయం 9:15

మొహమాటం లేకుండా చెప్పాలంటే మీరు చూసిన రెండు అంకెలూ తప్పు కాదు. ఎలాగో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

నక్షత్రానికి వయసు కట్టే మామూలు పద్ధతి ఇది: ఉపరితలం ఎంత వేడిగా ఉంది, మొత్తం ఎంత వెలుగు ఇస్తోంది అని కొలుస్తారు. ఫలానా బరువున్న నక్షత్రం ఇన్నేళ్ళకి ఇంత వేడి, ఇంత వెలుగుతో ఉంటుందని మోడల్ గీతలు ఉంటాయి. కొలిచిన చుక్క ఏ గీత మీద పడితే అదే వయసు. సూర్యుడి లాంటి వాటికైతే ఇంకో దారి కూడా ఉంది. వయసు పెరిగే కొద్దీ వాటి తిరుగుడు నెమ్మదిస్తుంది, నక్షత్రం నుంచి బయటికి వీస్తూ అయస్కాంత క్షేత్రం పట్టుకున్న గాలి బ్రేకులా పనిచేస్తుంది. తిరిగే వేగం చూసి వయసు చెప్పొచ్చు.

మఖ దగ్గర రెండో దారి మూసుకుపోయింది. అది సూర్యుడికి సుమారు మూడున్నర రెట్ల బరువున్న వేడి నక్షత్రం. దాని పైపొరల్లో సూర్యుడి పైపొరల్లోలాగా మరుగుతూ కలియబడే వాయువు లేదు, కాబట్టి ఆ బ్రేకూ లేదు. మొదటి దారిలో పెద్ద ముల్లు ఉంది: "ఉపరితలం వేడి ఎంత?" అంటే మఖకి ఒక జవాబు లేదు. ధ్రువాల దగ్గర సుమారు 15,400 కెల్విన్, నడుము దగ్గర సుమారు 10,300. ఒకే నక్షత్రం!

కారణం తిరుగుడు. మన సూర్యుడు నడుము దగ్గర ఒక చుట్టు తిరగడానికి 25 రోజులు తీసుకుంటాడు. మఖ 16 గంటల లోపు ముగిస్తుంది, అదీ సూర్యుడి కంటే నాలుగు రెట్లు లావుండి.

అనుమానాలరావు · ఆదివారం ఉదయం 10:30

నాకో చిన్న డౌటు. మఖ ఉన్నది 79 కాంతి సంవత్సరాల దూరంలో. అంటే మనకి ఇప్పుడు కనిపించే వెలుగు దాదాపు స్వాతంత్య్రం వచ్చిన రోజుల్లో బయలుదేరింది. ఎంత పెద్ద టెలిస్కోపులో చూసినా మామూలుగా చుక్కే. చుక్కకి ధ్రువం ఏది, నడుము ఏది? ఇదంతా కంప్యూటర్‌లో గీసిన బొమ్మ కాదు కదా?

శీను_కాలిఫోర్నియా · ఆదివారం రాత్రి 9:20

రావు గారూ, కంప్యూటర్ బొమ్మ కాదండీ. లాస్ ఏంజెలస్ పక్కన మౌంట్ విల్సన్ కొండ మీద 'చారా' అని ఒక ఏర్పాటు ఉంది, అట్లాంటాలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళది. మీటరు వెడల్పు అద్దాలున్న టెలిస్కోపులు ఆరు, కొండంతా పరిచినట్టు ఉంటాయి. వాటిలో బాగా ఎడంగా ఉన్న రెంటి మధ్య 330 మీటర్లు. ఒక్కోదానికి పడిన వెలుగుని గాలి తీసేసిన గొట్టాల్లోంచి ఒకే భవనంలోకి తెచ్చి కలుపుతారు. రెండు వెలుగులు కలిసినప్పుడు పడే చారల్ని బట్టి, అంత ఎడం ఉన్న ఒకే పెద్ద టెలిస్కోపుకి తెలిసేంత సూక్ష్మమైన ఆకారం తెలుస్తుంది.

నేను ఒకసారి పిల్లల్ని తీసుకుని పగటి పూట వెళ్ళాను. పొదల మధ్య లావుపాటి తెల్ల గొట్టాలు, అక్కడక్కడా చిన్న గుమ్మటాలు. మా వాడు "నాన్నా, వాటర్ పైపులా?" అన్నాడు. వాడిది తప్పేం కాదు, మున్సిపాలిటీ పైపుల్లాగే ఉన్నాయి.

2005లో ఈ చారా నుంచి వచ్చిన మొట్టమొదటి శాస్త్ర ఫలితం మఖ గురించే. నడుము దగ్గర వ్యాసార్ధం సూర్యుడికి 4.16 రెట్లు, ధ్రువాల వైపు 3.14 రెట్లు. నొక్కిన ఆకారం.

లెక్కలమాస్టారు (తెనాలి) · ఆదివారం రాత్రి 10:05

అది ఎంత చిన్న కొలతో ఒకసారి లెక్క వేసి చూశాను. కన్యాకుమారిలో ఒక రూపాయి బిళ్ళని నిలబెట్టండి. శ్రీనగర్ నుంచి దాన్ని చూడండి. మఖ నడుము ఆకాశంలో అంత. ఆ బిళ్ళ గుండ్రంగా ఉందా, కోడిగుడ్డులా ఉందా అని చెప్పారన్నమాట.

మిద్దెమీదిచుక్కలు గారూ, మీ పిల్లలకి శనిగ్రహం చూపించినప్పుడు గమనించండి. వలయాలు పక్కన పెట్టి గోళం మాత్రం చూస్తే పైనా కిందా కాస్త అదిమినట్టు ఉంటుంది. అక్కడ తేడా పదో వంతు. మఖలో దాదాపు మూడో వంతు. సూర్యుడిలో అయితే వ్యాసార్ధంలో పది కి.మీ. తేడా కూడా లేదు, ఏడు లక్షల కి.మీ. వ్యాసార్ధానికి.

వేగం కూడా చెబుతాను. నడుము చుట్టుకొలత సుమారు 1.82 కోట్ల కి.మీ. దాన్ని 15.9 గంటలతో భాగిస్తే సెకనుకు 317 కి.మీ. మీ బెజవాడ నుంచి హైదరాబాద్ బస్సులో ఐదారు గంటలు. మఖ మీద ఆ దూరం సెకను లోపే.

వనజ_వర్ణపటం (బెంగళూరు) · ఆదివారం రాత్రి 11:40

ఆ తిరుగుడు కొండ మీది ఆరు టెలిస్కోపులు లేకపోయినా తెలుస్తుందండీ. నా బాల్కనీలో తెలిసింది.

నేను ఎనిమిదంగుళాల టెలిస్కోపుకి స్లిట్ ఉన్న స్పెక్ట్రోస్కోపు తగిలించి చుక్కల వెలుగుని విడదీస్తుంటాను. పోయిన నెల ఒకే రాత్రి రెంటిని తీశాను: మొదట సిరియస్, అదే మన లుబ్ధకుడు, తర్వాత మఖ. నీలం వైపు 4481 ఆంగ్‌స్ట్రామ్ (కాంతి తరంగం పొడవు కొలత) దగ్గర మెగ్నీషియం గీత ఒకటి ఉంటుంది. లుబ్ధకుడిలో అది సూదితో గుచ్చినట్టు సన్నగా, లోతుగా వచ్చింది. మఖలో అదే చోట చూస్తే మొదట ఏమీ లేదనుకున్నాను. ఫోకస్ పోయిందేమోనని మళ్ళీ సరిచేసి ఇంకో అరగంట తీశాను. అప్పుడు అర్థమైంది, గీత ఉంది, కానీ పళ్ళెంలా పరుచుకుని ఉంది. ఒక అంచు మన వైపు వస్తోంది, ఇంకో అంచు దూరంగా పోతోంది, డాప్లర్ వల్ల గీత రెండు వైపులా లాగబడింది. సెకనుకు 317 కి.మీ. అంటే ఆ గీత అటు 4.7, ఇటు 4.7 ఆంగ్‌స్ట్రామ్ పాకుతుంది. పది ఆంగ్‌స్ట్రామ్‌ల అవతల, 4471 దగ్గర, హీలియం గీత ఉంది. అది కూడా అంతే పాకింది. రెండూ అంచులు రాసుకుంటున్నాయి. లుబ్ధకుడిలో ఆ హీలియం గీత జాడే లేదు, దానికి కావలసినంత వేడి అక్కడ లేదు.

స్క్రీన్ మీద రెండు గ్రాఫులూ ఒకదాని కింద ఒకటి పెట్టుకుని చాలాసేపు చూస్తూ కూచున్నాను. పాలు పొంగిపోయాయి, అది వేరే సంగతి.

అనుమానాలరావు · సోమవారం ఉదయం 6:55

వనజ గారూ, ఆ గ్రాఫు వర్ణన చదివాక తిరుగుడు మీద డౌటు పోయింది. కానీ ఇంకోటి పట్టుకున్నాను. 2005 ఫలితంలో మఖ "పగిలిపోయే వేగంలో 86 శాతం" దగ్గర తిరుగుతోందని ఉంది, అంటే నడుము దగ్గర పదార్థం ఎగిరిపోయే హద్దులో 86 శాతం. 2017లో న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీ వాళ్ళ బృందం ఆస్ట్రేలియాలో కొలిచి 96.5 శాతం అంది. ఒకరిది తప్పు కావాలి కదా. లేక పన్నెండేళ్ళలో వేగం పెంచిందా?

ఓయూ_తారాపథం · సోమవారం ఉదయం 8:20

మాస్టారూ, ఇది మీ బంతి. నేను 2017 కొలత ఎలా చేశారో మాత్రం చెబుతాను, నాకిష్టమైన కథ.

గుండ్రటి నక్షత్రం అంచుల నుంచి వచ్చే వెలుగు కాస్త ధ్రువీకరణ (పోలరైజేషన్, అంటే తరంగాలు ఒక దిక్కుగా ఎక్కువ ఊగడం) చెంది ఉంటుందని ఖగోళ శాస్త్రవేత్త చంద్రశేఖర్ 1946లోనే లెక్క కట్టారు. అయితే గోళంలో అన్ని అంచులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మనకి ఏమీ మిగలదు. నక్షత్రం నొక్కుకుపోయి ఉంటే పూర్తిగా కొట్టేసుకోవు, అతి కొద్దిగా మిగులుతుంది. ఇలా మిగలాలని 1968లో సిద్ధాంతం వచ్చింది. నిజంగా కొలవడానికి దాదాపు 50 ఏళ్ళు పట్టింది. పది లక్షల్లో కొన్ని వంతుల తేడా పట్టుకునే పరికరాన్ని ఆంగ్లో ఆస్ట్రేలియన్ టెలిస్కోపుకి బిగించి మఖ మీద పట్టారు. చారా వాళ్ళ దారికీ దీనికీ సంబంధమే లేదు.

లెక్కలమాస్టారు · సోమవారం సాయంత్రం 5:30

రావు గారూ, ఎవరిదీ తప్పు కాదు. 86 శాతం అన్నది నడుము దగ్గర సెకనుకు ఎన్ని కి.మీ. అన్న వేగంలో. 96.5 అన్నది నిమిషానికి ఎన్ని చుట్లు అన్న వేగంలో. రెండూ ఒకటే అనిపిస్తుంది, కానీ హద్దు దగ్గరికి వెళ్ళేకొద్దీ నక్షత్రం లావెక్కుతుంది. హద్దు మీద నడుము వ్యాసార్ధం ధ్రువ వ్యాసార్ధానికి సరిగ్గా ఒకటిన్నర రెట్లు అవుతుంది. అంటే చుట్ల లెక్కలో హద్దు దగ్గరపడ్డా, కి.మీ. లెక్కలో ఇంకా దూరం ఉంటుంది.

మధ్యాహ్నం కాగితం మీద వేశాను. బరువంతా నడిమధ్యే ఉందనుకుందాం, నక్షత్రాలకి ఇది మంచి అంచనాయే. నడుము, ధ్రువాల నిష్పత్తిని 'న' అందాం. చుట్ల వేగం హద్దులో ఎంత వంతో దాన్ని 'తి' అందాం. ఉపరితలం అంతటా పొటెన్షియల్ (గురుత్వం, తిరుగుడు రెండూ కలిపిన శక్తి లెక్క) ఒకటే ఉండాలి, కాబట్టి

1 − 1/న = (4/27) × తి² × న²

న = 4.16/3.14 = 1.325. ఎడమ పక్క 0.245. కుడి పక్క 0.260 × తి². కాబట్టి తి² = 0.943, తి = 0.97. ఆస్ట్రేలియా వాళ్ళ 96.5 శాతం ఇదే.

ఇప్పుడు కి.మీ. వేగం: 0.971 × 1.325 / 1.5 = 0.858. చారా వాళ్ళ 86 శాతం ఇదే.

ఒకరు ఆకారం కొలిచారు, ఇంకొకరు ధ్రువీకరణ కొలిచారు, రెండూ ఒక చోటే కలిశాయి. నేను ఈ సంతోషంలోనే నడుము దగ్గర గురుత్వం కూడా చూశాను. ధ్రువం దగ్గర ఉన్నదాంట్లో 0.20 వంతు, అంటే ఐదో వంతే మిగిలింది. మరి వేడి? 10,300ని 15,400తో భాగించి నాలుగో ఘాతం చేస్తే 0.20! నడుము దగ్గర ఒక్కో చదరపు మీటరు ఇచ్చే వెలుగు కూడా ఐదో వంతే. 1924లో వాన్ జైపెల్ చెప్పింది ఇదే, గురుత్వం ఎంత తగ్గితే వెలుగు అంత తగ్గుతుందని. ఈ వయసులో కూడా లెక్క సరిపోతే ఒళ్ళు పులకరిస్తుంది.

ఓయూ_తారాపథం · సోమవారం రాత్రి 8:10

మాస్టారూ, మీ ఆనందం మీద నీళ్ళు చల్లుతున్నందుకు క్షమించాలి. మొదటి లెక్క పక్కా. రెండోదాంట్లో ఉష్ణోగ్రతలు వచ్చింది కొంతవరకు వాన్ జైపెల్ సూత్రం పెట్టి చారలకి సరిపెట్టడం వల్లే. గురుత్వంతో వేడి ఎంత మారుతుందో చెప్పే ఘాతం ఆ సూత్రంలో 0.25. 2005లో వాళ్ళు దాన్ని ముందే బిగించకుండా చూస్తే 0.25 వచ్చింది, కానీ అటూ ఇటూ 0.11 ఊగిసలాట ఉంది. 2011లో అదే కొండ మీద ఇంకా మంచి పరికరంతో తీస్తే ఘాతం 0.19 దగ్గర తేలింది. ధ్రువం సుమారు 14,500, నడుము సుమారు 11,000. తేడా కాస్త తగ్గింది. ఘాతం 0.25 దగ్గరే ఆగాలని లేదని ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటున్నారు.

లెక్కలమాస్టారు · సోమవారం రాత్రి 8:25

అలాగా. సరే నాయనా, పులకరింత మొదటి లెక్క వరకే ఉంచుకుంటాను.

మిద్దెమీదిచుక్కలు · సోమవారం రాత్రి 9:00

అందరికీ థాంక్స్. నొక్కుడు అర్థమైంది, తిరుగుడు అర్థమైంది. కానీ నా అసలు ప్రశ్న వయసు. 15,400, 10,300 రెంటి సగటు తీసినా, ఇంకేం చేసినా పది కోట్లు వంద కోట్లు కాదు కదా?

ఓయూ_తారాపథం · సోమవారం రాత్రి 10:45

కాదు. నొక్కుడు వల్ల వచ్చే తేడాలన్నీ సరిచేసుకుని మోడల్ గీతల మీద పెట్టినా మఖ చిన్నపిల్లే అంటుంది. వంద కోట్లు వచ్చింది మఖని చూసి కాదు. దాని పక్కనున్నదాన్ని చూసి.

2008లో మఖ వర్ణపటంలోని గీతలు 40 రోజులకి ఒకసారి అటూ ఇటూ ఊగుతున్నాయని కనిపెట్టారు, కచ్చితంగా చెప్పాలంటే 40.11 రోజులు. ఊగుడు సెకనుకు ఏడెనిమిది కి.మీ. మాత్రమే. కంటికి కనిపించని తోడు ఏదో దాన్ని లాగుతోంది. దాని బరువు సూర్యుడిలో 0.3 వంతు దగ్గర. రెంటి మధ్య దూరం మన బుధుడికీ సూర్యుడికీ ఉన్న దూరం కంటే కాస్త తక్కువ.

వనజ_వర్ణపటం · సోమవారం రాత్రి 11:05

మధ్యలో వస్తున్నాను, ఇది నా ఇష్టమైన భాగం. నా గ్రాఫులో పళ్ళెం గుర్తుందా? ఆరువందల కి.మీ. పైన వెడల్పు. ఆ పళ్ళెం మధ్యబిందువు ఏడు కి.మీ. జరిగిందని పట్టుకోవాలి. అంత ప్రకాశవంతమైన నక్షత్రాన్ని శతాబ్దం పైగా స్పెక్ట్రోస్కోపుల్లో చూస్తూ కూడా ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారంటే ఆశ్చర్యం లేదు. తిరుగుడే తోడుని దాచేసింది.

ఓయూ_తారాపథం · సోమవారం రాత్రి 11:30

అవునక్కా. ఇప్పుడు ఆలోచించండి. 0.3 బరువున్న తోడు మామూలు ఎర్ర చుక్క అయ్యుండొచ్చు, లేదా వైట్ డ్వార్ఫ్, అంటే ఒక నక్షత్రం తన ఇంధనం కాల్చేశాక మిగిలిన గట్టి గుజ్జు అయ్యుండొచ్చు. రెండోదే నిజమని అనుమానం బలంగా ఉండేది. 2020లో దాని వెలుగు జాడ నేరుగా దొరికింది. వైట్ డ్వార్ఫ్ కాబోతున్న దశ, ఒళ్ళు ఇరవై వేల డిగ్రీల దగ్గర. మఖ వెలుగు పక్కన అది ఎంత మసకో చెప్పనక్కర్లేదు.

ఇక చిక్కుముడి. ఒంటరి నక్షత్రం 0.3 బరువున్న వైట్ డ్వార్ఫ్‌గా మిగలాలంటే విశ్వం వయసు చాలదు. అంత తేలికది కావాలంటే ఎవరో దాని పైపొరల్ని మధ్యలోనే ఒలిచేయాలి. ఒలిచింది ఎవరు? పక్కనే ఉన్న మఖ.

2009లో ఒక బృందం ఈ జంట గతాన్ని వెనక్కి తిప్పి చూసింది. మొదట్లో ఇప్పుడు తోడుగా ఉన్నది పెద్దది, సూర్యుడికి సుమారు 2.3 రెట్లు. మఖ చిన్నది, సుమారు 1.7 రెట్లు. చాలా దగ్గరగా తిరిగేవి. బరువైన నక్షత్రం ముందు ముసలిదవుతుంది, ఉబ్బింది. ఉబ్బిన ఒంటిలోంచి వాయువు మఖ మీదికి కారడం మొదలైంది. కారీ కారీ మఖ బరువు రెట్టింపు అయింది, దాత దగ్గర గుజ్జు మాత్రం మిగిలింది, రెండూ దూరం జరిగి ఇప్పుడున్న 40 రోజుల కక్ష్యకి వచ్చాయి. 2.3 బరువున్న నక్షత్రం అలా ఉబ్బే దశకి రావడానికే వంద కోట్ల ఏళ్ళ లెక్క పడుతుంది. మీరు చూసిన "వంద కోట్లకు పైనే" ఇక్కడిది.

తిరుగుడు కూడా ఇక్కడిదే. వాయువు సూటిగా వచ్చి పడదు, సుడి తిరుగుతూ వస్తుంది. వచ్చే ప్రతి బొట్టూ మఖని ఇంకాస్త తిప్పుతుంది. తన బరువులో పదో వంతు మింగినా చాలు, నక్షత్రం హద్దు దాకా వేగం అందుకుంటుంది. మఖ అంతకంటే చాలా ఎక్కువే మింగింది.

అనుమానాలరావు · మంగళవారం ఉదయం 7:05

అద్భుతం, కానీ ఆగండి. మూడున్నర రెట్ల బరువున్న నక్షత్రం ఇంధనం ముప్పై కోట్ల ఏళ్ళ లోపే అయిపోతుందని నేనే ఎక్కడో చదివాను. మరి వంద కోట్ల ఏళ్ళ మఖ ఇంకా ఎలా వెలుగుతోంది?

ఓయూ_తారాపథం · మంగళవారం ఉదయం 7:40

ఇన్నాళ్ళూ అది మూడున్నర కాదు కదండీ. ఎక్కువ కాలం 1.7గా ఉంది, నెమ్మదిగా కాల్చుకుంది. తర్వాత పైన కొత్త హైడ్రోజన్ వచ్చి పడింది, లోపలి కేంద్రం పెద్దదై బయట కాలని ఇంధనాన్ని లోపలికి కలుపుకుంది. గడియారం మళ్ళీ మొదటికి దగ్గరగా తిరిగింది. అందుకే ముఖం చూస్తే పది పదిహేను కోట్లు అనిపిస్తుంది. ఆల్గాల్ అనే జంటలో ఇలాంటి తికమక చాలాకాలం పండితుల్ని తిప్పలు పెట్టింది, అక్కడ తేలికైనది ముందు ముసలిదైంది.

పంచాంగప్రియ · మంగళవారం ఉదయం 8:15

జాతకం కాదు, నిర్వాహకుడు గారు కోప్పడకండి. పితృదేవతల నక్షత్రం అని పేరున్నదానికి ఒళ్ళు, వేగం రెండూ తనకంటే ముందు వెళ్ళిపోయినవాడి నుంచి వచ్చాయా! మనవాళ్ళకి ఈ సంగతి తెలిసే అవకాశం లేదు, నేను ఏ దాపరికం జ్ఞానమూ అంటగట్టడం లేదు. ఊరికే చదివి కాసేపు ఆగిపోయాను.

నిర్వాహకుడు · మంగళవారం ఉదయం 8:20

ఇది ఉండనివ్వండి.

శీను_కాలిఫోర్నియా · మంగళవారం రాత్రి 10:10

తిరుగుడు నక్షత్రాల వయసు మీద నాకు ఇంకో సరదా విషయం కనిపించింది. శ్రవణం, అంటే ఆల్టెయిర్. 17 కాంతి సంవత్సరాల లోపే ఉంది, ఎనిమిది గంటల లోపే ఒక చుట్టు. 2007లో ఇదే మౌంట్ విల్సన్ నుంచి దాని ఉపరితలం బొమ్మ తీశారు. సూర్యుణ్ణి పక్కన పెడితే, మామూలుగా హైడ్రోజన్ కాల్చుకుంటున్న నక్షత్రానికి తీసిన మొదటి బొమ్మ అదే. దాని వయసు వంద కోట్ల పైన అని పాత లెక్కలు. 2020లో ఫ్రాన్స్ బృందం తిరుగుడునీ నొక్కుడునీ మొదటి నుంచీ కలిపి మోడల్ చేస్తే పది కోట్లే అని తేలింది.

అంటే మఖ పది నుంచి వందకి ఎక్కింది, శ్రవణం వంద నుంచి పదికి దిగింది. రెండూ ఆగకుండా తిరిగేవే!

వనజ_వర్ణపటం · మంగళవారం రాత్రి 11:20

అభిజిత్తుని మరిచిపోకండి. వేగా. అది మనకి నెత్తి చూపిస్తుంది, ధ్రువం సూటిగా మన వైపే ఉంది. అందుకే గీతలు సన్నగా వస్తాయి, దశాబ్దాల పాటు "నెమ్మదిగా తిరిగే బుద్ధిమంతుడు" అని దాన్ని వెలుగు కొలతకి కొలబద్దగా పెట్టుకున్నారు. 1994లో కొన్ని బలహీనమైన గీతల అడుగు చదునుగా ఉందని చూసి అనుమానం వచ్చింది, 2006లో చారాతో ఖాయమైంది. నిజానికి ఒక చుట్టుకి 17 గంటల లోపే. వేడి ధ్రువం మన వైపు ఉండడం వల్ల మన కంటికి సూర్యుడికి 57 రెట్లు వెలుగున్నట్టు కనిపిస్తుంది, అన్ని వైపులా లెక్కేస్తే 37 రెట్లే. ఇలాంటి చోట మోడల్ గీతల మీద పెట్టి వయసు కడితే ఏమొస్తుంది? 2010లో ఒక లెక్క 45 కోట్లు, 2012లో ఇంకో లెక్క 70 కోట్లు.

బంగారం తూచే రాళ్ళే దొంగతూకమని తేలినట్టయింది.

అనుమానాలరావు · బుధవారం ఉదయం 7:00

అయితే మఖకి పలక మీద ఏం రాయాలి? నా ఓటు పది పదిహేను కోట్లకే. నక్షత్రం ఇప్పుడున్న స్థితి అదే కదా, ఇకమీదట ఎంతకాలం ఉంటుందో చెప్పేదీ అదే.

లెక్కలమాస్టారు · బుధవారం ఉదయం 7:30

ఒప్పుకోను. మా బావగారు జుట్టుకి రంగేసి, మోకాలు మార్పించుకుని, రోజూ ఐదు కి.మీ. నడుస్తారు. చూస్తే యాభై. ఆధార్ కార్డులో డెబ్బై రెండు. పెన్షన్ ఆఫీసులో ఏది చెల్లుతుంది?

అనుమానాలరావు · బుధవారం ఉదయం 7:42

ఇన్సూరెన్స్ వాళ్ళు డాక్టర్ రిపోర్టు కూడా అడుగుతారు మాస్టారూ.

ఓయూ_తారాపథం · బుధవారం ఉదయం 9:30

మీ ఇద్దరి మధ్యా దూరను. పత్రాల్లో కూడా రెండూ రాస్తారు, ఏది ఏదో చెప్పి. నా ఇబ్బంది వేరే. తోడు కనిపించని వేగవంతమైన నక్షత్రాలు బోలెడు ఉన్నాయి. వాటిలో ఎన్ని పుట్టుకతోనే వేగంగా తిరుగుతున్నాయో, ఎన్ని మఖలాగా ఎవరి దగ్గరో తీసుకున్నాయో ముఖం చూసి చెప్పలేం. మఖ దగ్గర మనకి అదృష్టం కలిసొచ్చింది, దాత శవం ఇంకా వేడిగా దొరికింది.

మిద్దెమీదిచుక్కలు · ఆదివారం ఉదయం 6:50

నిన్న శనివారం అయింది. పాప వచ్చింది. రెండు రొట్టె పిండి ముద్దలు తీసుకెళ్ళాను, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్దదాంట్లోంచి గిల్లి గిల్లి చిన్నదానికి అంటించి చూపించాను. చివరికి పెద్దది గోళీకాయంత మిగిలింది. "ఈ గోళీ ఇప్పుడు అక్కడే ఉంది, కనపడదు" అన్నాను. పక్కనున్న పిల్లలు పిండి తినేశారు.

పాప కాసేపు ఆలోచించి, "అయితే ఇద్దరిలో ఎవరు పెద్ద అంకుల్?" అంది. నేను తడబడ్డాను. ఏం చెప్పాలి?

ఓయూ_తారాపథం · ఆదివారం ఉదయం 8:05

కవలలని చెప్పండి. ఒకే మబ్బులోంచి ఒకేసారి పుట్టాయి.

మిద్దెమీదిచుక్కలు · ఆదివారం ఉదయం 8:12

చెప్పాను, ఇప్పుడే కింద పాల ప్యాకెట్ దగ్గర కనిపిస్తే. "మరి వీడు మొత్తం ఎందుకు తీసేసుకున్నాడు?" అని అడుగుతోంది.

వనజ_వర్ణపటం · ఆదివారం ఉదయం 8:30

దానికి జవాబు వాళ్ళమ్మని చెప్పమనండి. మీరు వచ్చే వారం శ్రవణం చూపించాలంటే మాత్రం తెల్లవారుజామునే లేపాలి పిల్లల్ని.